అరువు పందులు

ఆ జ్వరం విమానంలో వచ్చింది. దానికి పాస్‌పోర్టు ఉంది, వీసా ఉంది, చక్రాల సూట్‌కేసు ఉంది. శంషాబాద్ విమానాశ్రయం తెరిచి అప్పటికి ఏడాది దాటింది అంతే. ముఖాలకు గుడ్డలు కట్టుకున్నవాళ్ళు దిగినవాళ్ళ ఒంటి వేడి చూస్తున్నారని టీవీలో చూపించారు. మా ఊరి పందులు ఎన్నడూ విమానం ఎక్కలేదు. విమానాశ్రయం గోడకు ఇవతల పడుకుని, నెత్తి మీంచి విమానం పోతుంటే చెవి కూడా కదపకుండా నిద్రపోయేవి. అయినా ఆ జ్వరానికి వాటి పేరే పెట్టారు.

అది మనిషి నుంచి మనిషికి అంటుతుందని డాక్టర్లు రోజూ చెప్పారు. పేరు మాత్రం పందిదే ఉంచారు. పేరు విన్నాక మిగతాది ఎవరు వింటారు? తొండుపల్లి దాటాక వచ్చే మా ఊళ్ళో జనం దగ్గేవాడికి దూరం జరగలేదు, పందుల దొడ్డికి దూరం జరిగారు. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని దొడ్డి ముందు నుంచి నడిచేవారు. మలుపు తిరగ్గానే కొంగు తీసేసి, ఒకరి ముఖంలో ఒకరు దగ్గుకుంటూ ముచ్చట్లు పెట్టుకునేవారు. వాళ్ళలో సగం మంది ఆదివారం పొద్దున్నే పంది కూర కోసం మా గుమ్మం ముందు నిలబడేవాళ్ళే.

చివరికి పంచాయతీలో ఒక మాట తేల్చారు. పందుల్లో ఆ రోగం లేదని దసరాలోపు ల్యాబ్ కాగితం తేవాలి. తేకపోతే ఊళ్ళో ఉన్న ఆరు దొడ్లూ రింగ్ రోడ్డు అవతలికి పోవాలి. అవతలంటే ఎక్కడ అని మా పెద్దమ్మ అడిగింది. అవతల, అన్నారు.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. పెనిమిటి లేడు, కడుపున పుట్టినవాళ్ళు లేరు. విమానాశ్రయానికి చుట్టుపక్కల భూములు పోయినప్పుడు మాకు పోవడానికి భూమి లేదు కాబట్టి, పోగొట్టుకున్నవాళ్ళలో కూడా మేం లెక్కకు రాలేదు. ఉన్నదల్లా చర్చి వెనక ఒక రేకుల షెడ్డు, అందులో తెల్ల సీమపందులు. నా కాలేజీ ఆ షెడ్డులోంచే వచ్చింది. ఇంటి మీది పెంకులు, క్రిస్మస్‌కు కొత్త బట్టలు, నా కళ్ళజోడు కూడా అందులోంచే. అది పోతే ఆమెకు చేతిలో ఇంకో పని లేదు. నా జీతం మీద కూర్చుని తినమంటే తినే మనిషి కాదు. ఒకసారి అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

నేను అప్పటికి రాజేంద్రనగర్‌లో ఒక ల్యాబ్‌లో ప్రాజెక్టు అసిస్టెంటుని. మా మేడమ్‌ది గుంటూరు వైపు. పెంపకం పందుల్లో ఎన్ని రకాల వైరస్‌లు తిరుగుతున్నాయి, ఒక్కో దొడ్డిలో ఉన్నది ఇంకో దొడ్డిలో ఉన్నదానికి ఎంత తేడాగా ఉంది, ఇదీ ఆమె పని. ఆ పోస్టుకు ఇంటర్వ్యూకు వచ్చినవాళ్ళందరికీ మైక్రోబయాలజీ బాగానే వచ్చు. పంది అనే మాట వినగానే ముక్కు ముడవకుండా కూర్చున్నది నేనొక్కదాన్నేనని, అందుకే తీసుకున్నానని మేడమ్ తర్వాత చెప్పింది. నా చదువుకు దొరికిన మెచ్చుకోలు ప్రస్తుతానికి అదే.

ఆ పనేమిటో పెద్దమ్మకు ఇలా చెప్పాను. చర్చిలో పాటల నోటుబుక్కులు ఒకరి దాంట్లోంచి ఒకరు ఎక్కించుకుంటారు కదా. ఎక్కించిన ప్రతిసారీ ఒక అక్షరం తప్పు పోతుంది. కొన్నేళ్ళకు ఏ ఇద్దరి పుస్తకాలూ ఒక్కలా ఉండవు. ఆ తప్పులు చూసి, ఎవరు ఎవరి దాంట్లోంచి రాసుకున్నారో చెప్పొచ్చు. వైరస్ కూడా అంతే, ఒక పందిలోంచి ఇంకో పందిలోకి పోయినకొద్దీ తనను తాను ఎక్కించుకుంటూ, తప్పులు రాసుకుంటూ పోతుంది. మేం ఆ తప్పులు చదువుతాం. పెద్దమ్మ అంతా విని, తప్పులు చదవడానికి జీతం ఇస్తారా అని అడిగింది. ఇస్తారన్నాను. ఆమెకు ఆ ఉద్యోగం మీద గౌరవం పెరిగింది.

పంచాయతీ సంగతి మేడమ్‌కు చెబితే, ఎలాగూ నమూనాలు కావాలి, మీ ఊరి ఆరు దొడ్లూ మన పనిలో కలుపుదాం అంది. ఆ జ్వరం వైరస్ ఉందో లేదో ముందు చూసి కాగితం ఇస్తుంది. అదే నమూనాల్లో మిగతా వైరస్‌ల అక్షరాలు తీరికగా చదువుకుంటుంది. ఊరికి కాగితం, మాకు నమూనాలు. నాకు ఆ రోజు పెద్దమ్మను గండం గట్టెక్కించినంత గర్వంగా ఉంది.

వానాకాలం మొదట్లో నేను ఒక్కో దొడ్డికి వెళ్ళాను. ఇక్కడ మా వైపు మర్యాద ఒకటి చెప్పాలి. ఎవరింటికైనా పని మీద పోతే ముందు రోజు కబురు చెప్పి పోతాం. చెప్పకుండా పోలీసులే పోతారు. అందుకని ప్రతి దొడ్డికీ ఒక రోజు ముందు ఫోన్ చేసి, అన్నా రేపొస్తున్న, ఒక నాలుగు పందుల్ని విడిగ కట్టెయ్యి అని చెప్పేదాన్ని.

వెళ్ళేసరికి అన్ని చోట్లా నాలుగు పందులు సిద్ధంగా ఉండేవి. తెల్లగా, నున్నగా, బట్టల సబ్బు వాసనతో. ముక్కులో దూదిపుల్ల పెట్టి తిప్పి, చెవి నరంలోంచి రక్తం తీసి, ఐస్ డబ్బాలో పెట్టుకునేదాన్ని. మొదటి దొడ్డిలో పందులు ఊరు ఎగిరిపోయేలా అరిచాయి. మూడో దొడ్డికి వచ్చేసరికి అంత అల్లరి లేదు. ఐదో దొడ్డిలోనైతే నన్ను చూడగానే ఒక పంది దానంతటదే ముక్కు పైకెత్తి నిలబడింది. ఈ ప్రాంతపు పందులు చాలా సాధువైనవి అని నేను రిపోర్టులో రాశాను. పెద్దమ్మ దొడ్డికి ఆఖర్న వెళ్ళాను. అక్కడి పందులు మాత్రం మామూలుగానే మోకాళ్ళ దాకా బురదలో పడుకుని ఉన్నాయి. మన ఇంటికి మనమే చుట్టంగా రాము కదా.

జ్వరం వైరస్ ఏ దొడ్డిలోనూ లేదు. మేడమ్ కాగితం ఇచ్చింది. పంచాయతీ వాళ్ళు దాన్ని వెనక్కీ ముందుకీ తిప్పి చూసి, ముద్ర ఉంది కాబట్టి ఒప్పుకున్నారు. పెద్దమ్మ ఆ ఆదివారం కూరలో ముక్కలు పెద్దవి వేసి అందరికీ అమ్మింది. నేను అది అయిపోయిందనుకున్నాను.

దసరాకు ఇంకా కొన్ని వారాలు ఉందనగా మేడమ్ నన్ను గదిలోకి పిలిచింది. పందుల్లో ఎక్కువగా తిరిగే ఒక చిన్న వైరస్ ఉంది. మనుషులకు రాదు. పెద్ద పందులు దాన్ని మోస్తూ హాయిగా తిరుగుతాయి, పాలు మానిన పిల్లలు మాత్రం కొన్నిచోట్ల చిక్కి చిక్కి పోతాయి. మేడమ్‌కు కావలసింది దాని రకాలే. ఆరు దొడ్ల నమూనాల్లోని అక్షరాలు తెర మీద వరసగా పెట్టి ఉన్నాయి. తేడా ఉన్న చోట ఎర్ర రంగు పడాలి. ఎక్కడా ఎరుపు లేదు.

"ఏమ్మా, ఇది ఎలా సాధ్యం?" అంది మేడమ్. "ఒకే కడుపున పుట్టిన పిల్లల్లో కూడా ఒక అక్షరం తేడా దొరుకుతుంది. ఇక్కడ ఆరు దొడ్లలోనూ ఒక్క అక్షరం తేడా లేదు."

మేడమ్ గొంతు పెంచే మనిషి కాదు. వానలో తిరగడం కష్టమైతే చెప్పి ఉండాల్సింది, ఒక్క చోట కూర్చుని ఆరు డబ్బాలు నింపితే ఇలాగే వస్తుంది, అని మెల్లగా చెప్పింది. అంత మెల్లగా చెప్పినందుకు నాకు ఇంకా మండింది. నేను అన్ని దొడ్లూ తిరిగానని ప్రమాణం చేశాను. మేడమ్ వింది, నమ్మలేదు. వారంలో సంగతి తేల్చమంది. తేల్చకపోతే నాకు ఆ ల్యాబ్‌లో పని ఉండదని విడిగా చెప్పనక్కర్లేదు.

సాయంత్రం ఇంటికి వచ్చి పెద్దమ్మ ముందు ఆ మేడమ్‌ను నాలుగు మాటలన్నాను. నన్ను దొంగను చేసింది, ఆరు దొడ్ల పందులూ ఒకటేనట, అని. పెద్దమ్మ కుడితి కలుపుతూ కలుపుతూ ఆగింది.

"ఒకటే గద బిడ్డా," అంది.

నాకు అర్థం కాలేదు. ఆమె చేయి కడుక్కుని, రోజూ కూర సంగతి చెప్పినంత మామూలుగా చెప్పింది. నేను ఫోన్ చేసిన ప్రతి దొడ్డివాడూ ఆ సాయంత్రమే, నేను ల్యాబ్ నుంచి ఇంటికి రాకముందే, ఆమె దగ్గరికి వచ్చాడు. అక్కా, రేపు డాక్టరమ్మ సూడనీకె వస్తదంట, మావి జర బక్కగున్నయ్, నీవి నాలుగు ఇస్తవా అని. డాక్టరమ్మ అంటే నేనే. ఈమె ఇచ్చింది. ఇవ్వడమే కాదు, బట్టల సబ్బుతో రుద్ది కడిగి మరీ ట్రాలీ ఆటో ఎక్కించింది. నేను వెళ్ళిపోగానే అవి తిరిగొచ్చేవి. రెండు రోజులకు మళ్ళీ ఇంకో దొడ్డికి పోయేవి. అలా ఊరంతా తిరిగి, ఆఖర్న మా దొడ్డిలో బురద పూసుకుని నా కోసం పడుకున్నాయి.

"మరి నాకు చెప్పాలె గద."

"నువ్వే వస్తుంటివి. నీకేం చెప్పాలె?"

ఇందులో ఆమెకు తప్పేమీ కనబడలేదు. మా గల్లీలో పిల్లను చూడ్డానికి చుట్టాలు వస్తున్నారంటే కుర్చీలు ఒకింటి నుంచి, స్టీలు గ్లాసులు ఒకింటి నుంచి, టేబుల్ ఫ్యాను ఇంకో ఇంటి నుంచి వస్తాయి. వచ్చినవాళ్ళకూ ఆ సంగతి తెలుసు, వాళ్ళ ఇంట్లోనూ అలాగే జరుగుతుంది. డాక్టరమ్మ వచ్చి పందుల్ని చూస్తానంటే అదీ ఒక చూపే అనుకున్నారు. పైగా కోళ్ళకు రోగం వచ్చిందని గోతాల్లో కట్టి గుంతల్లో పూడ్చడం అందరూ టీవీలో చూసి ఉన్నారు. బక్క పందిని చూస్తే దీన్నీ పూడ్చమంటారని వాళ్ళ భయం. మంచి పందులు ఉన్నది పెద్దమ్మ దగ్గర. అడిగితే లేదనడం ఆమెకు తెలియదు.

నాకు కోపం వచ్చింది. ఆ పందుల్ని పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను, గుర్తుపట్టలేదేమని నా మీద కూడా వచ్చింది. నిజానికి కడిగిన పందిని నేను అంతవరకు చూసి ఎరగను. ఉద్యోగం పోతుందని, ఆ కాగితం కూడా చెల్లదని, దొడ్డి మళ్ళీ మొదటికి వచ్చిందని గట్టిగా అరిచాను. పెద్దమ్మ మర్నాడు చర్చికి కట్టుకునే చీర కట్టుకుని, నాతో పాటు రాజేంద్రనగర్ బస్సెక్కింది.

మేడమ్ ఆమెకు కుర్చీ చూపించింది. పెద్దమ్మ కూర్చోలేదు.

"పిల్లది ఊరంత తిరిగింది మేడం," అంది. "పందులు మాత్రం నావే తిరిగినయ్. దాన్ని ఏమనకుండ్రి."

మేడమ్‌కు మొత్తం అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక, మరి మిగతావాళ్ళ పందులకు ఏం జబ్బు ఉందని దాచారు అని అడిగింది.

"జబ్బేం లే. బక్కగున్నయ్. సూపులకు బక్కపిల్లను ఎవలు సూపిస్తరు మేడం?"

మేడమ్ నవ్వలేదు. కిటికీ వైపు తిరిగింది. నవ్వాపుకుందో, నెత్తి కొట్టుకోవాలనిపించిందో నాకు ఇప్పటికీ తెలియదు. తర్వాత రెండు మాటలు చెప్పింది. ఇచ్చిన కాగితం తప్పు, దాన్ని ఆమె వెనక్కి తీసుకోక తప్పదు. ఈలోగా అసలు పందుల్ని చూడనిస్తే, జ్వరం లేకపోతే, కొత్త కాగితం ఇస్తుంది. ఉంటే ఇవ్వదు.

మిగతా ఐదుగురినీ ఒప్పించే పని పెద్దమ్మ మీద పడింది. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి ముందు కుర్చీలు వేసి ఉంటాయి కాబట్టి అందరినీ అక్కడికే పిలిచింది. వాళ్ళలో ఇద్దరు చర్చికి వచ్చేవాళ్ళు కాదు, హనుమంతుడికి కొబ్బరికాయ కొట్టేవాళ్ళు. వాళ్ళూ వచ్చి వెనక కూర్చున్నారు. ఐదుగురిదీ ఒక్కటే మాట. ఉన్న కాగితం ఉండగా ఇంకో కాగితం ఎందుకు? బక్క పందుల్ని చూపిస్తే పూడ్చమంటారు, అప్పుడు ఎవరు దిక్కు? ఒకాయన నా వైపు తిరిగి, చదివించినందుకు మంచిగనే చేస్తున్నవ్ బిడ్డా, అన్నాడు. నేను చెప్పిన శాస్త్రం ఎవరూ వినలేదు. నేనైనా వినేదాన్ని కాదేమో.

అప్పుడు పెద్దమ్మ లేచింది. ఆమె చర్చిలో పాట తప్ప ఎప్పుడూ నిలబడి మాట్లాడలేదు.

"ఈ సూసుడుతోని మీ దొడ్లె ఏ పంది పోయినా, నా దొడ్లకెల్లి నింపుత. అందరి ముంగట చెప్తున్న."

పాస్టరయ్య ఆమెన్ అన్నాడు. ప్రార్థన అనుకున్నాడో, సాక్ష్యం చెప్పిందనుకున్నాడో ఆయనకే తెలియాలి. ఏదైనా, ఆమెన్ పడ్డాక కాదనడం ఎవరికీ బాగోలేదు.

ఈసారి కబురు పెట్టకుండా వెళ్ళాను. పందులు బక్కగా, నల్లగా, బురదతో, సాధుత్వమేమీ లేకుండా ఉన్నాయి. ఒకటి నా చేతి గ్లవ్‌ను నమిలి మింగింది. మేడమ్ రాత్రింబవళ్ళు కూర్చుని చూసింది. జ్వరం వైరస్ ఒక్క దాంట్లోనూ లేదు. దసరాకు ముందే కొత్త కాగితం వచ్చింది. పంచాయతీలో పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూసి, రెండింటిలోనూ ఒకటే ఉంది కదా, మళ్ళీ ఎందుకు తెచ్చారని విసుక్కున్నారు. దొడ్లు ఊళ్ళోనే ఉండొచ్చన్నారు. పెద్దమ్మ ఇంటికి వచ్చి, చాప పరుచుకుని, మధ్యాహ్నం పూట పడుకుంది. ఆమె పగలు పడుకోవడం నేను చూసింది అప్పుడే.

మేడమ్ ఎదురుచూస్తున్న అసలు అక్షరాలు క్రిస్మస్ దగ్గరపడుతుండగా వచ్చాయి. తెర నిండా ఎర్ర రంగు. ఆరు దొడ్లు, ఆరు రకాలు. ఎవరి తప్పులు వాళ్ళవి. ఒకే ఊళ్ళో, కూతవేటు దూరంలో ఇన్ని రకాలు ఉంటాయని మేడమ్ కూడా అనుకోలేదు. ల్యాబ్‌లో అందరికీ టీ, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించింది. నేను బిస్కెట్ టీలో ముంచి తెర వైపు చూస్తూ ఉన్నాను. ఐదు దొడ్లలోనూ వాటి వాటి రకం పక్కనే ఇంకొక రకం కూడా ఉంది. అన్నింటిలో అదొక్కటే, మా దొడ్డిది, అక్షరం తేడా లేకుండా. బిస్కెట్ విరిగి టీలో పడిపోయింది.

మేడమ్ నా భుజం పక్క నుంచి వంగి చూసింది. పెద్దమ్మ పందులు ఒక్కో దొడ్డిలో ఒక్క రాత్రి ఉన్నాయి. అక్కడి తొట్టిలో తాగాయి, అక్కడి పందుల మూతులు నాకాయి. ఒక దొడ్డిలోనైతే ఈ వైరస్, ఆ వైరస్ కలిసి మూడోది కూడా పుట్టింది, సగం అక్షరాలు వాళ్ళవి, సగం మావి. ఇలా కలవడం మన దగ్గర ఎవరూ ఇంత స్పష్టంగా చూసి ఉండరు అని మేడమ్ అంది. ఆమె ముఖంలో అంత సంతోషం నేను ముందెప్పుడూ చూడలేదు. ఆ తర్వాత నా ముఖం చూసి ఆగిపోయింది.

అప్పటికే రెండు దొడ్లలో పంది పిల్లలు చిక్కిపోవడం మొదలైంది. పాలు మానగానే వెన్ను తేలి, బొచ్చు లేచి, తొట్టి పక్కన నిలబడి తినకుండా చూస్తుండేవి. చలికనుకున్నారు. మేడమ్ చెప్పింది ఇది. పెద్దమ్మ పందులు ఎప్పటి నుంచో ఆ రకానికి అలవాటు పడ్డాయి, తల్లుల పాలల్లోనే పిల్లలకు దాన్ని తట్టుకునే బలం వస్తోంది. అందుకే అవి నున్నగా ఉన్నాయి. మిగతా దొడ్ల పిల్లలకు ఆ బలం లేదు. సున్నం కొట్టండి, చిక్కినవాటిని విడిగా ఉంచండి, అంతకంటే ఇప్పుడు చేయగలిగింది తక్కువ, అంది. ఎవరి దొడ్డి నుంచి వచ్చిందో చెప్పాల్సిన పని లేదని, మా కాగితాల్లో దొడ్లకు అంకెలే గాని పేర్లు ఉండవని కూడా అంది. అది నా కోసం అంది.

పెద్దమ్మకు చెప్పకుండా ఉండొచ్చు. రెండు రోజులు అలాగే ఉన్నాను. మూడో రోజు ఆమె, పాపం వాళ్ళ పిల్లలు ఎందుకో తింటలేవు, మన దొడ్లకెల్లి మంచి పోతుపందిని పంపిస్తె మల్ల ఈతకు గట్టి పిల్లలు పడ్తయేమో అంది. ఇంకో పంది పంపుతానంటోంది. ఇక చెప్పాను. పాటల పుస్తకం ముచ్చటతోనే చెప్పాను, ఆమెకు అది గుర్తుంది.

ఆమె షెడ్డు గోడకు ఆనుకుని నిలబడింది.

"గది మన దగ్గర్కెల్లే పోయిందా?"

"పోయింది పెద్దమ్మా."

"మనయి మంచిగనే ఉన్నయ్ గద."

"మనయి మంచిగనే ఉన్నయ్. అందుకే మనకు తెల్వలె."

ఎవరికి తెలుసని అడిగింది. మేడమ్‌కూ నాకూ తప్ప ఎవరికీ తెలియదన్నాను. ఎవరికీ తెలియనక్కర్లేదని కూడా అన్నాను. ఆమె నా వైపు ఒక చూపు చూసింది. నన్ను పెంచిన మనిషి, నేను ఏం మాట్లాడానో నాకే వినబడేలా చూడగలదు.

ఆదివారం మళ్ళీ కుర్చీలు వేశారు. వైరస్ అనే మాట లేకుండా చెప్పింది. నా పందులతో మీ దొడ్లకు బీమారి వచ్చింది, మీ పిల్లలు అందుకే పోతున్నయ్, మాట ఇచ్చిన గద, నింపుత. అంతే. ఐదుగురిలో ఒకాయన, అడిగి తీసుకపోయింది మేమే గదక్కా అన్నాడు. ఇద్దరు నేల చూశారు. ఇంకొకాయన లేచి వెళ్ళిపోయాడు, ఆయనవే ఎక్కువ పిల్లలు పోయాయి. పిల్లలు పోవడమంటే మాలాంటి ఇళ్ళకు ఏమిటో నాకు తెలుసు. ఆయన మీద నాకు కోపం రాలేదు.

ఆ మాట ఇచ్చింది నేను నమూనాలు చూసినందువల్ల పోయే పందుల గురించి గాని, అంటుకున్న రోగం గురించి కాదని పెద్దమ్మతో వాదించాను. వాళ్ళెవరూ నింపమని అడగలేదని వాదించాను. వాళ్ళు అడిగేదాంక ఆగాల్నా అంది. మేడమ్‌ను అడిగితే ఆమె కూడా నాకు సాయం రాలేదు. ఆ దొడ్లలో ఇప్పుడు బతికే పిల్లలంటూ ఉంటే అవి మీ పెద్దమ్మ తల్లిపందులకు పుట్టినవే కావచ్చు, శాస్త్రం ప్రకారం ఆవిడ చేస్తున్నది తెలివితక్కువ పనేమీ కాదు అంది. శాస్త్రం మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు.

ఒక్కో ఈతకూ ఒక్కో దొడ్డికి పోయాయి. ముందు పిల్లలు, తర్వాత పిల్లలతో తల్లులు. లేచి వెళ్ళిపోయినాయనకు రెండుసార్లు పంపింది. ఆయన మొదటిసారి ఆటోను గేటు దగ్గరే నిలబెట్టి వెనక్కి పంపాడు. పెద్దమ్మ వాటిని అదే ఆటోలో మళ్ళీ పంపింది. రెండోసారి ఆయన గేటు తీశాడు. మరుసటి ఏడు మామిడికాయల కాలానికి మా షెడ్డు ఖాళీ అయింది. ఏ దొడ్డి ఊళ్ళో ఉండాలని ఇంత తిరిగామో, అది ఊళ్ళోనే ఉంది. అందులో పందులు లేవు.

పెద్దమ్మ విమానాశ్రయంలో ఊడ్చే పనికి కుదిరింది. నీలం చీర, మెడలో ఫొటో కార్డు. లోపల అంతా చల్లగా, శుభ్రంగా ఉంటుందని, ఊడ్చడానికి ఏమీ ఉండదని, ఉన్నట్టు ఊడ్చాలని చెప్పేది. సెలవు రోజున ఖాళీ షెడ్డు ముందు పీట వేసుకుని కూర్చునేది. నేను ఇంట్లోంచి చూసేదాన్ని. ఏం మాట్లాడినా పొల్లుగా ఉంటుందని పోయేదాన్ని కాదు. ఈలోగా మేడమ్ రాసిన వ్యాసం అచ్చయింది. దానితో నాకు పైచదువుకు సీటు దొరికింది. ఆమెకు ఆ వ్యాసం చూపించాను. కొమ్మలు కొమ్మలుగా గీసిన బొమ్మలో మన దొడ్డి ఏదని అడిగింది. వేలు పెట్టి చూపించాను. ఆ వేలు పక్కకు జరిపి, గీత ఎక్కడెక్కడికి పోయిందో తన వేలితో చూసుకుంది.

ఆ తర్వాతి వానాకాలంలో ఒక శనివారం మేం ఇద్దరం ఒకే బస్సు దిగి ఇంటికి వచ్చాం. షెడ్డులో చప్పుడు వినిపించింది. లోపల పంది పిల్లలు ఉన్నాయి. ఒక తల్లివి కావని చూడగానే తెలుస్తోంది, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, ఒకటి వీపు మీద మచ్చది. ఒక్కో దొడ్డి నుంచి ఒక్కోటి, ఐదు. మా వైపు తల్లిని ఇచ్చినవాళ్ళకు మొదటి ఈతలో ఒక పిల్లను ఇవ్వడం ఉంది, కానీ అది పాలుకు, అంటే పిల్లల్లో వాటాకు, ఇచ్చినప్పుడు మాట. ఈమె పాలుకు ఇవ్వలేదు. ఎవరిని అడిగినా మాకు తెల్వదన్నారు. రెండుసార్లు పంపించుకున్నాయన, నీ దొడ్లె ఏముందో నన్నడుగుతవేందక్కా అన్నాడట.

పిల్లలు అప్పటికే ఒకదాని మీద ఒకటి పడి, ఒకదాని మూతి ఒకటి నాకుతున్నాయి. నాకు తెలిసిన చదువంతా ఒక్కసారి గుర్తొచ్చింది. ఐదు దొడ్లవి ఐదు రకాలు, అందులో కలిసిపోయిన మాది, వాటి నుంచి పుట్టిన కొత్తవి, అన్నీ ఇప్పుడు ఈ ఒక్క షెడ్డులో. విడదీయాలి, నమూనా తీయాలి. నేను సంచి దించి గ్లవ్స్ కోసం వెతుకుతున్నాను. పెద్దమ్మ ఫొటో కార్డు కూడా తీయకుండా వాటి మధ్య కూర్చుని ఉంది. ఆమె ఏడవడం నేను మా అమ్మ పోయినప్పుడు చూశాను, మళ్ళీ అప్పుడు చూశాను.

"సూస్తే ఏమన్న ఉంటదా?" అని అడిగింది.

"ఉంటది పెద్దమ్మా."

"ఉంటే చెప్పాలె గద."

"చెప్పాలె."

"అయితే ఇయ్యాల సూడకు బిడ్డా."

ఆ రోజు నేను చూడలేదు.